ఇంటి దగ్గరే కారు టైమింగ్ బెల్టు మార్చుకోవడం: విశాఖ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పాత పెట్రోలు కారు ఉండి, పానాలు పట్టడం ఇప్పుడిప్పుడే అలవాటవుతున్న వాళ్ల కోసం ఈ పేజీ. మీ బండి మోడల్‌కి వచ్చిన సర్వీసు మాన్యువల్‌కి ఇది బదులు కాదు. అది దగ్గర లేకుండా పని మొదలుపెట్టొద్దు.

అసలు టైమింగ్ బెల్టు చేసే పనేమిటి? బానెట్ ఎత్తగానే కనిపించే బెల్టు అదేనా?

కాదు. బయటికి కనిపించేది ఫ్యాన్ బెల్టు. ఆల్టర్నేటర్‌నీ, ఏసీ కంప్రెసర్‌నీ తిప్పేది అలాంటి బయటి బెల్టులే. ఆల్టర్నేటర్ బెల్టు తెగితే డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలుగుతుంది. టైమింగ్ బెల్టు ప్లాస్టిక్ కవరు వెనకాల దాక్కుని ఉంటుంది, లోపలివైపు పళ్లుంటాయి. కింద పిస్టన్లు ఆడుతూ క్రాంక్ షాఫ్ట్ అనే ఇరుసుని తిప్పుతాయి, పైన కామ్ షాఫ్ట్ అనే ఇరుసు వాల్వులను తెరిచి మూస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టే తిరగాలి, అదీ సరిగ్గా ఏ క్షణానికి ఏ వాల్వు తెరుచుకోవాలో తప్పకుండా. ఈ రెంటినీ కట్టి ఉంచేది రబ్బరూ, లోపల గాజునూలు దారాలూ ఉన్న ఆ ఒక్క పట్టీ.

నా బండికి బెల్టు ఉందో చైన్ ఉందో ఎలా తెలుస్తుంది?

మారుతి 800, ఓమ్ని, ఆల్టో 800, శాంత్రో జింగ్, యాక్సెంట్ పెట్రోలు: వీటికి బెల్టే. స్విఫ్ట్, వ్యాగనార్, ఆల్టో కె10లలో వచ్చే కె-సిరీస్ పెట్రోలు ఇంజన్లకి చైన్. స్విఫ్ట్ 1.3 డీజిలుకీ చైనే. ఐ10లో 1.1 ఇంజనుకి బెల్టు, 1.2 కప్పాకి చైన్. అంటే బండి పేరు ఒక్కటే చూసి చెప్పేయకూడదు. డస్టర్, వెరిటో డీజిళ్లు, ఫిగో 1.4 డీజిలు, పోలో డీజిళ్లు, క్రిస్టా రాకముందు ఇన్నోవా 2.5 డీజిలు బెల్టు మీద నడిచేవే.

చైన్ ఉన్నవాళ్లు ఈ పేజీ ఇక్కడితో మూసేయొచ్చు. ఆయిలు మాత్రం వేళకి మార్చండి.

ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి?

మాన్యువల్ చెప్పిందే లెక్క. చాలా పెట్రోలు బండ్లకి అది 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. కానీ మనవాళ్లు కిలోమీటర్లు చూసి ఏళ్లు మర్చిపోతారు. ఎంవీపీ కాలనీలో రిటైరైన ఓ మేస్టారి బండి రైతుబజారుకీ, సింహాచలానికీ తప్ప కదలదు. పదేళ్లయినా మీటరు 40,000 దాటదు. ఆయనకి బెల్టు కొత్తదే అనిపిస్తుంది. రబ్బరుకి ఆ సంగతి తెలీదు. ఇంజను వేడికీ, వయసుకీ అది గట్టిపడి పగుళ్లిస్తుంది. ఎక్కువగా తిరగని బండైనా అయిదారేళ్లు దాటితే మార్చేయడమే నా మాట. ఎన్‌ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజను తిరుగుతూనే ఉంటుంది, మీటరు తిరగదు. అదీ లెక్కలో పెట్టుకోండి.

సెకండ్ హ్యాండు బండి కొని, ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, మార్చలేదనే అనుకోండి. "మొన్ననే మార్పించాం సార్" అన్న మాటకి బిల్లు ఉండాలి.

కవరు విప్పి చూస్తే బాగానే ఉంది. ఇంకొన్నాళ్లు నడపనా?

పైకి బాగుండటం పెద్ద సాక్ష్యం కాదు. పగుళ్లు, ఊడిన పన్ను, అంచున పీచులు, ఆయిలు తడి కనిపిస్తే తప్పకుండా మార్చాలి. అవేవీ కనిపించలేదని మాత్రం ఉండిపోకూడదు. లోపలి దారాలు అలిసిపోవడం కంటికి కనపడదు.

తెగితే ఏమవుతుంది? తోయించుకుని పోతే సరిపోదా?

ఇంజనుని బట్టి. కొన్నింట్లో పిస్టను పూర్తిగా పైకొచ్చినా తెరిచి ఉన్న వాల్వుకి తగలదు. వాటిలో బెల్టు తెగితే బండి ఆగిపోతుంది, కొత్తది వేస్తే మళ్లీ నడుస్తుంది. మిగతావాటిలో రెండూ ఒకే చోటుని వంతులేసుకుని వాడుకుంటాయి. బెల్టు తెగగానే కామ్ ఆగిపోతుంది, క్రాంక్ మాత్రం ఊపుమీద తిరుగుతూనే ఉంటుంది. పిస్టన్ వెళ్లి వాల్వుని గుద్దుతుంది. వాల్వులు వంగిపోతాయి, హెడ్ దించాలి, పని లేత్ దాకా పోతుంది. బెల్టు ఖరీదుకి ఎన్నో రెట్లు అక్కడే అయిపోతుంది. ఇప్పటి డీజిలు ఇంజన్లన్నీ ఈ రెండో రకమే అనుకోండి. పెట్రోలువీ చాలావరకు అంతే. మీది ఏ రకమో తెలీకపోతే రెండో రకం అనుకునే పని చేయండి.

నేను పూర్తిగా కొత్త. చేయగలనా?

స్పార్క్ ప్లగ్గులు, బ్రేకు ప్యాడ్లు, బయటి ఫ్యాన్ బెల్టు, ఈ మూడూ మీ చేత్తో మార్చి ఉంటే చేయగలరు. లేకపోతే ముందు అవి చేయండి. టైమింగ్ బెల్టులో బలంతో అయ్యేది ఒక్క క్రాంక్ బోల్టే, మిగతాదంతా గుర్తులు పెట్టుకోవడం, తొందరపడకపోవడం.

మొదటిసారి చేయడానికి మారుతి 800, ఆల్టో 800, శాంత్రో లాంటి ఒకే కామ్ షాఫ్ట్ ఉన్న పాత పెట్రోలు బండ్లు మంచివి. డస్టర్, పోలో డీజిళ్ల జోలికి మొదటిసారే పోవద్దు. వాటికి క్రాంకునీ కామునీ కదలకుండా బిగించే లాకింగ్ పిన్నులు కావాలి. కొన్ని ఇంజన్లలో క్రాంక్ గేరుని (బెల్టు కూర్చునే పళ్ల చక్రాన్ని) జరక్కుండా నిలబెట్టే కీ అనే చిన్న ముక్క కూడా ఉండదు, బోల్టు బిగువు మీదే నిలుస్తుంది. అక్కడ అంచనాలు పనికిరావు.

మా అపార్ట్‌మెంటు సెల్లార్లో చేసుకోవచ్చా?

నేల సమంగా ఉంటే. మన ఊళ్లో సగం ఇళ్లు వాలు మీదే కదా, సెల్లార్ కూడా నీళ్లు పోయేట్టు కొంచెం వాలుగానే కడతారు. ఓ నీళ్ల సీసా నేల మీద పడుకోబెట్టి చూడండి, దొర్లితే ఇంకో చోటు వెతకండి. ఇంటి ముందు మట్టినేల అయితే స్టాండు కింద మందపాటి చెక్క వేయాలి, లేకపోతే దిగబడుతుంది. జాకీ బండిని ఎత్తడానికే. ఎత్తిన బండిని నిలబెట్టేవి స్టాండ్లు. వెనక చక్రాలకి అడ్డు పెట్టండి. ఒక్క జాకీ మీద ఉన్న బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు.

రోజు సంగతి: శనివారం పొద్దున్నే మొదలుపెట్టండి. మధ్యలో ఏదో సీల్ కావాలని తేలితే సాయంత్రంలోగా ఆటోనగర్ వెళ్లి రావచ్చు. ఆదివారం మొదలుపెడితే సోమవారం ఆఫీసుకి ఆటోలోనే. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురు ఉన్నప్పుడు ఆరుబయట ఇంజను విప్పి కూర్చోవద్దు.

ఏమేం పనిముట్లు కావాలి?

మంచి సాకెట్ సెట్టు, క్రాంక్ బోల్టుకి సరిపోయే ఆరు మూలల సాకెట్టు (పన్నెండు మూలలది జారి బోల్టు తలని గుండ్రం చేస్తుంది), పొడుగు హ్యాండిలు, బోల్టు ఎంత బిగువుగా బిగిసిందో కొలిచే టార్క్ రెంచి, జాకీ, రెండు స్టాండ్లు, తుప్పు వదిలించే స్ప్రే, తెల్ల పెయింటు పెన్ను, తలకి పెట్టుకునే లైటు. ఇంజను మౌంటు విప్పాల్సిన బండ్లకి ఇంజను కింద పెట్టడానికి రెండో జాకీ, దాని మీద ఓ చెక్కముక్క. టార్క్ రెంచి కొనలేకపోతే అద్దెకో, తెలిసిన మెకానిక్ దగ్గర చేబదులుకో తెచ్చుకోండి. అదొక్కటీ లేకుండా మాత్రం చేయొద్దు.

బెల్టు ఒక్కటీ కొంటే చాలా?

చాలదు. బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్, బెల్టుకి దారి చూపే ఐడ్లర్ చక్రం ఉంటే అదీ కలిపి కిట్టుగా కొనండి. కొత్త బెల్టు వేసి పాత టెన్షనర్ వదిలేస్తే, దాని బేరింగు బిగుసుకున్న రోజు కొత్త బెల్టునీ తినేస్తుంది. కామ్ సీలూ, క్రాంక్ సీలూ ఎలాగూ విప్పిన చోటే ఉంటాయి, చవక, మార్చేయండి. లీకయిన ఆయిలు బెల్టు మీద పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. వాటర్ పంపు కొన్ని బండ్లలో టైమింగ్ బెల్టు మీదే తిరుగుతుంది, డస్టర్ డీజిల్లో అలాగే. అలాంటి బండైతే పంపు కూడా ఇప్పుడే. పంపు బయటి బెల్టు మీద తిరిగే బండైతే, కారడం లేకపోతే వదిలేయొచ్చు.

డూప్లికేట్ల గొడవ ఉంది. కంపెనీ పార్టు గానీ, గేట్స్, కాంటిటెక్, డేకో లాంటి పేరున్నది గానీ, బిల్లు ఇచ్చే షాపులోనే తీసుకోండి. ఇంటికొచ్చాక పాతదాని పక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టండి, వెడల్పు చూడండి, పన్ను ఆకారం చూడండి. ఒకే సంఖ్య ఉన్నా ఆకారం తేడా ఉంటే గేరు మీద సరిగా కూర్చోదు. బెల్టుని మడవకండి, నలిపి జేబులో పెట్టుకోకండి, లోపలికి తిప్పి చూడకండి. లోపలి దారాలు అక్కడే విరుగుతాయి.

క్రాంక్ పుల్లీ బోల్టు కదలడం లేదు. మా బావ సెల్ఫ్ కొట్టి లూజ్ చేద్దామంటున్నాడు.

బావగారిని టీకి పంపండి. హ్యాండిలుని ఛాసీకి ఆనించి సెల్ఫ్ కొట్టే ఆ పద్ధతి చాలామంది చేస్తారు, నిజమే. సాకెట్టు జారితే ఆ హ్యాండిలు ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా తిరిగే దిక్కు తప్పుగా ఊహించుకుంటే బోల్టు ఇంకా బిగుస్తుంది.

ఇలా చేయండి. బీచికి దగ్గర్లో, లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ, భీమిలి వైపు ఉండే బండ్లకి ఉప్పుగాలికి బోల్టులు పట్టేస్తాయి. ముందురోజు రాత్రే స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున బండిని అన్నిటికన్నా పై గేరులో పెట్టి, ఒక మనిషి బ్రేకు గట్టిగా తొక్కి కూర్చుంటే, మీరు పొడుగు హ్యాండిలుతో నెమ్మదిగా బరువు వేయండి. ఇది పాత బెల్టు ఇంకా వేసి ఉండగానే, గుర్తులు కలపకముందే చేయాలి. లూజయ్యాక బోల్టు అక్కడే ఉంచండి, ఇంజనుని తిప్పడానికి అదే ఆధారం. మళ్లీ బిగించేటప్పుడు మాన్యువల్ చెప్పిన టార్కే. చాలా బండ్లలో అది 100 న్యూటన్ మీటర్లు దాటుతుంది, "గట్టిగానే బిగించాను" అంటే కుదరదు.

గుర్తులు కలపడం ఎలా? ఇక్కడే భయంగా ఉంది.

భయం ఉండాల్సింది ఇక్కడే.

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టండి. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేస్తే గాలి ఒత్తిడి ఉండదు, ఇంజను చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ముందు చక్రం, దాని వెనక ప్లాస్టిక్ అడ్డు తీస్తే క్రాంక్ బోల్టు అందుతుంది. ఎక్కువ బండ్లలో ఇది డ్రైవరు వైపే. బోల్టుకి సాకెట్టు పెట్టి ఇంజను మామూలుగా తిరిగే దిక్కుకే తిప్పండి. చాలా ఇంజన్లు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు దిక్కుకి తిరుగుతాయి. పాత హోండాల్లో కొన్ని దానికి వ్యతిరేకం.

మొదటి సిలిండర్ పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోట క్రాంక్ గేరు మీది గుర్తు ఇంజను బాడీ మీది గుర్తుకి ఎదురుగా వస్తుంది. అది చూసి సంబరపడొద్దు. క్రాంక్ రెండు చుట్లకి కామ్ ఒక చుట్టు కాబట్టి, కింద గుర్తు కలిసినప్పుడు పైన కామ్ గుర్తు సరిగ్గా అవతలి వైపు ఉండొచ్చు. అలా ఉంటే క్రాంకుని ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. రెండు గుర్తులూ ఒకేసారి కలిసినప్పుడే ఆగాలి. కొన్ని గేర్ల మీద రెండు మూడు గుర్తులుంటాయి, మీ మాన్యువల్ చెప్పేది ఏదో చూసి దానికే పెయింటు పెట్టండి.

ఇప్పుడు పాత బెల్టు మీదా, గేర్ల మీదా, బాడీ మీదా తెల్ల గీతలు గీయండి. ఎదురుగా నిలబడి ఫోటోలు తీయండి. పక్కనుంచి తీస్తే ఒక పన్ను తేడా కనిపించదు. పాత బెల్టు మీద రెండు గీతల మధ్య పళ్లు లెక్కపెట్టి, కొత్తదాని మీద అన్నే లెక్కించి గీతలు గీస్తే వేసేటప్పుడు తేలికవుతుంది. అయితే ఆ గీతలు సాయానికే, చివరి మాట కంపెనీ గుర్తులదే. పాత బెల్టు ముందే ఒక పన్ను తప్పి ఉండొచ్చు.

బెల్టు తీశాక కామ్‌ని గానీ క్రాంకుని గానీ విడిగా తిప్పకండి. కామ్ ఒక్కోసారి స్ప్రింగుల ఒత్తిడికి తనే కొంచెం జరుగుతుంది, మెల్లగా పానాతో వెనక్కి తెచ్చి పట్టుకోవచ్చు. అంతకుమించి వద్దు.

కొత్తది ఎక్కించేటప్పుడు జాగ్రత్తలు?

క్రాంక్ గేరు దగ్గర మొదలుపెట్టండి. టెన్షనర్ లేని వైపు, అంటే క్రాంక్ లాగే వైపు, బెల్టు బిగుతుగా ఉండేట్టు కామ్ మీదికి తెచ్చి, వదులంతా టెన్షనర్ వైపు చేరేట్టు వేయాలి. బెల్టు మీద బాణం గుర్తు ఉంటే తిరిగే దిక్కుకి ఉంచండి. ఎక్కకపోతే స్క్రూడ్రైవరుతో నెట్టొద్దు. టెన్షనర్ పూర్తిగా వెనక్కి లాగారో లేదో చూడండి.

బిగువు ఎంత ఉండాలి?

స్ప్రింగు ఉన్న టెన్షనర్ అయితే బోల్టు వదులు చేస్తే స్ప్రింగే లాగుతుంది, మాన్యువల్లో చెప్పినంత తిప్పి బోల్టు బిగించడమే. వేళ్లతో మెలిపెట్టి చూసే పాత పద్ధతి అనుభవం ఉన్నవాళ్లకి పనికొస్తుంది, మొదటిసారి చేసేవాళ్లకి కాదు. మరీ బిగిస్తే బెల్టు ఈల వేస్తుంది, బేరింగులు పోతాయి. వదులుగా వదిలితే పన్ను దాటుతుంది.

అంతా బిగించేశాను. ఇక తాళం తిప్పనా?

తిప్పొద్దు. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటానంటే ఇది ఉంచుకోండి: ముందు చేత్తో తిప్పాలి, తర్వాతే తాళం.

ప్లగ్గులు ఇంకా పెట్టకుండానే, సాకెట్టుతో క్రాంకుని నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. కామ్ ఒక చుట్టు పూర్తవుతుంది. రెండు గుర్తులూ మళ్లీ సరిగ్గా కలవాలి. బెల్టు మీది పెయింటు గీతల సంగతి వదిలేయండి. బెల్టు పళ్ల లెక్క వేరు కాబట్టి బెల్టు మీది గీతలు ఈసారి గేర్ల గీతలకి ఎదురుగా రావు, కంగారుపడొద్దు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా ఆగిపోతే బలం వేయకండి. పిస్టన్ వాల్వుని తాకి ఉంటుంది. చేతి బలంతో తాకితే చాలావరకు ఏమీ కాదు, సెల్ఫ్ మోటారుతో తాకితే వాల్వు వంగుతుంది. తేడా అంతా అక్కడే. బెల్టు తీసి మొదటినుంచి చేయండి.

గుర్తులు కలిస్తే ఇంకోసారి అలాగే తిప్పి, బిగువు మళ్లీ చూడండి. విసుగ్గానే ఉంటుంది, చేయండి.

ఒక్క పన్ను తేడా వస్తే ఏమవుతుందిలే?

క్రాంక్ గేరుకి 20 పళ్లున్నాయనుకోండి. ఒక పన్ను అంటే క్రాంకు 18 డిగ్రీలు. బండి స్టార్టవుతుంది, ఐడిల్‌లో వణుకుతుంది, సింహాచలం కొండెక్కేటప్పుడు లాగదు, పెట్రోలు తాగుతుంది, కొన్నింటికి చెక్ ఇంజన్ లైటు వస్తుంది. "సర్దుకుంటుందిలే" అని నడపొద్దు.

కింది ప్లాస్టిక్ కవరు విరిగిపోయింది. లేకపోయినా పర్లేదా?

గాజువాక, మల్కాపురం, సింధియా వైపు తిరిగే బండికైతే అస్సలు కుదరదు. అక్కడి దుమ్ము బెల్టుకీ గేరుకీ మధ్య చేరితే గరుకు కాగితంలా అరగదీస్తుంది. కొత్త కవరు కొనండి. పాత బండ్లలో ముందు మెకానిక్ ఎవరో సగం బోల్టులు పెట్టకుండా వదిలేసి ఉంటారు, అవీ వెతికి పెట్టండి.

కూలెంటు తీయాల్సి వచ్చింది. పాతది ఎక్కడ పారబోయాలి?

గెడ్డలో పోయొద్దు, కాలవలో పోయొద్దు. మన కాలవలన్నీ చివరికి సముద్రంలోకే. కూలెంటు తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు నాకి చచ్చిపోతాయి. పిల్లలకీ ప్రమాదమే. డబ్బాలో పట్టి మూత పెట్టి, వాడేసిన ఆయిలు తీసుకునే వర్క్‌షాపులో అడిగి ఇవ్వండి. కొత్తది పోశాక లోపల గాలి లేకుండా తీయాలి, మొదటి రెండు రోజులు చల్లటి ఇంజను మీద మట్టం చూస్తూ ఉండండి.

అరకు ఘాట్‌లో బెల్టు తెగితే?

అనంతగిరి ఎక్కుతుండగా ఇంజను టక్కున ఆగిపోయి, సెల్ఫ్ కొడితే మామూలుకన్నా వేగంగా, అడ్డు లేనట్టు గిర్రున తిరిగితే టైమింగ్ బెల్టుని అనుమానించండి. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, తోసి స్టార్ట్ చేయొద్దు. వంగని వాల్వులేమైనా మిగిలి ఉంటే అవీ పోతాయి. ఇంజను ఆగాక బ్రేకుకి సాయం రెండు మూడు తొక్కులకి మించి ఉండదు, స్టీరింగు బరువెక్కుతుంది. ఒక్కసారే తొక్కి పట్టి పక్కకి ఆపండి. చక్రం కింద రాయి పెట్టి, హజార్డు లైట్లు వేసి, బండినెక్కించి తీసుకెళ్లే టోయింగ్ వాహనాన్ని పిలవండి.

సగంలో ఆగిపోయాను. ఇప్పుడు మెకానిక్‌ని పిలిస్తే నవ్వుతాడేమో?

నవ్వితే నవ్వనివ్వండి. ఇంజనుని కదపకుండా, ఫోటోలతో సహా ఉన్నదున్నట్టు అప్పజెప్పండి. "ఏం చేశావో చెప్పు గురూ" అని అడుగుతాడు, దాచకుండా చెప్పండి. ముఖ్యంగా బెల్టు తీశాక ఏదైనా తిప్పారా లేదా అన్నది.

మార్చాక ముందు నుంచి సన్నటి ఈల వినిపిస్తోంది.

ముందు బయటి ఫ్యాన్ బెల్టు చూడండి. చాలాసార్లు దొంగ అదే. దాన్ని తీసేసి కొన్ని సెకన్లు మాత్రం ఇంజను నడిపి వినండి. వాటర్ పంపు దాని మీదే తిరిగే బండైతే అంతకంటే ఎక్కువసేపు వద్దు. ఈల పోతే బయటి బెల్టుదే. పోకపోతే టైమింగ్ బెల్టు మరీ బిగిసి ఉండొచ్చు. ఇంజను చల్లారాక కవరు తీసి టెన్షనర్ మళ్లీ సర్ది, రెండు చుట్లు చేత్తో తిప్పి, అప్పుడు మూయండి. మార్చిన తేదీ, కిలోమీటర్లు ఓ కాగితం మీద రాసి కవరు మీద అంటించండి.